ఈవీకి పెద్ద చక్రాలు వేయిస్తే పోయేదెంత?

ఈ ఎపిసోడ్ సోమశిల డ్యామ్ దగ్గర నుంచి చేస్తున్నాను. నా వెనక కనిపిస్తున్నది మన పెన్నా నది, 78 టీఎంసీల రిజర్వాయరు. కానీ ఈరోజు మాట నీళ్ళ గురించి కాదు, టైర్ల గురించి.

నాతో పాటు నెల్లూరు నుంచి ఒక తమ్ముడు తన నెక్సాన్ ఈవీలో వచ్చాడు. కంపెనీ ఇచ్చిన 16 అంగుళాల చక్రాలు తీసేసి 18 అంగుళాల అల్లాయ్ వీల్స్ వేయించాలని షాపులో అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. ‘అన్నా, బండి ఎట్టా ఉంటుందో చూడు’ అని ఫోన్‌లో ఫోటో చూపించాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కాదనను. కానీ వాళ్ళ అమ్మానాన్నలు ఉదయగిరి వైపు పల్లెలో ఉంటారు. రాత్రిపూట ఫోన్ వస్తే అప్పటికప్పుడు బయలుదేరాల్సిన మనిషి. అందుకే కూర్చోబెట్టి లెక్క చెప్పాను. అదే మీకూ చెబుతాను.

ముందు టైరు మీద రాసి ఉండే నంబరు చూద్దాం. ఈ బండికి 215/60 ఆర్16. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం టైరు పక్కగోడ ఎత్తు, అంటే 129 మిల్లీమీటర్లు. 16 అంటే లోపలి రిమ్ము, అంగుళాల్లో. మొత్తం చక్రం ఎత్తు 664 మిల్లీమీటర్లు వస్తుంది. తమ్ముడు వేయించాలనుకున్నది 225/45 ఆర్18. దాని మొత్తం ఎత్తు 660. పెద్ద తేడా లేదు, స్పీడోమీటరు కూడా దాదాపు సరిగ్గానే చూపిస్తుంది. మరి రిమ్ము రెండు అంగుళాలు పెరిగితే తగ్గింది ఏంది? పక్కగోడ. 129 నుంచి 101కి దిగింది. గుంతలో పడినప్పుడు దెబ్బ కాసుకునే రబ్బరు, గాలి ఒక అంగుళం పైనే పోయాయన్నమాట. మన లోపలి రోడ్ల మీద, చీకట్లో, రిమ్ము వంగేదీ టైరు పక్కన చీలేదీ ఇట్టాగే. పక్కగోడ చీలితే పంక్చర్ వేయడానికి కుదరదు. పైగా కొన్ని ఈవీల్లో స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్ ఒక్కటే ఇస్తారు. కొనేముందే డిక్కీ తెరిచి చూసుకోండి.

ఇప్పుడు ఛార్జింగ్ సంగతి. బండి బరువుకి టైరు కింద నొక్కుకుంటుంది, తిరిగేకొద్దీ మళ్ళీ లేస్తుంది. ఆ నొక్కుడులో కొంత శక్తి వేడిగా పోతుంది. దీన్నే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. మనుషులతో కలిపి బండి 1,700 కిలోలు అనుకుందాం. మంచి టైరుకి ఈ గుణకం 0.008 అయితే, 100 కిలోమీటర్లకు టైర్లు తినే కరెంటు సుమారు 3.7 యూనిట్లు. అదే 0.010 ఉన్న టైరు వేస్తే 4.6. దాదాపు ఒక యూనిట్ తేడా. 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు తాగే బండి, 40 యూనిట్ల బ్యాటరీ అనుకుంటే, ఫుల్ ఛార్జింగ్ మీద 15 కిలోమీటర్ల దాకా పోతాయి.

ఇది టైరు ఒక్కదాని లెక్కే. పెద్ద రిమ్ములకి బరువు ఎక్కువ ఉంటే ప్రతిసారీ వేగం అందుకోవడానికి అదనంగా కరెంటు కావాలి. టైరు వెడల్పు పెరిగితే గాలి కూడా ఎక్కువ అడ్డుపడుతుంది. కంపెనీలు చెప్పే లెక్కల్లోనే చూడండి. అమెరికాలో 2023 హ్యుందాయ్ అయానిక్ 6, లాంగ్ రేంజ్, వెనక చక్రాలు తిరిగే మోడల్ తీసుకుంటే, 18 అంగుళాల చక్రాల వెర్షన్‌కి అధికారిక రేంజ్ 361 మైళ్ళు. 20 అంగుళాల చక్రాలతో వచ్చే వెర్షన్‌కి 305. అంటే 90 కిలోమీటర్ల తేడా! పెట్రోలు బండికైతే బంకు ఏదో ఒకటి తగుల్తుంది. ఛార్జర్ అట్టా కాదు కదా.

ఇంకొకటి, చాలామంది చూడనిది: లోడ్ ఇండెక్స్. సైజు పక్కన 95హెచ్ అని ఉందనుకోండి, 95 అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోయగలదని. హెచ్ అంటే గరిష్ఠ వేగం 210. తమ్ముడు చూసిన టైరు మీద 91 ఉంది, అంటే 615 కిలోలే. బ్యాటరీ వల్ల ఈవీ అసలే బరువు. పాత టైరు మీదున్న నంబరు కంటే తక్కువది ఎట్టి పరిస్థితుల్లోనూ వేయించకండి.

మరి ఏం కొనాలి? కంపెనీ సైజే ఉంచండి. రోలింగ్ రెసిస్టెన్స్ తక్కువున్న టైరు అడగండి. ఈవీల కోసమే చేసినవి కూడా వస్తున్నాయి, అపోలో యాంపీరియన్ లాంటివి. అట్టాగని మైలేజీ ఒక్కటే చూసి తడి రోడ్డు మీద పట్టు వదిలేయకండి. అక్టోబరు, నవంబరు నెలల్లో మన జిల్లాలో వానలు ఎట్టా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

చివరిగా, పైసా ఖర్చు లేని పని: గాలి. డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద ఎంత రాసి ఉంటే అంత, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఎండలో నడిపాక పీఎస్ఐ పెరిగిందని గాలి తీసేయొద్దు. పంక్చర్ షాపులో జాకీ ఎక్కడ పెట్టాలో మీరే దగ్గరుండి చూపించండి, బ్యాటరీ కింద పెట్టనివ్వద్దు.

తమ్ముడు ఇప్పుడే పక్కకెళ్ళి షాపుకి ఫోన్ చేస్తున్నాడు. అడ్వాన్సు వెనక్కి ఇస్తారో లేదో గానీ, ఇంటికి మాత్రం ఛార్జింగ్‌తోనే చేరతాడు. మళ్ళీ కలుద్దాం, ఉంటానండి.