నేలను కాపాడే రైతుకు దక్కేదేమిటి?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో యాసంగి కోతలు ముగిశాక రెండు దృశ్యాలు కనిపిస్తాయి. ఒక మడిలో వరి కొయ్యకాళ్లకు నిప్పంటుకుని పొగ లేస్తుంది. పక్క మడి రైతు ఆ కొయ్యలనే నేలలో కలియదున్ని, జీలుగ చల్లడానికి వాన కోసం ఎదురుచూస్తుంటాడు. మొదటి రైతుకు అగ్గిపుల్ల ఖర్చు. రెండవ రైతుకు ట్రాక్టర్ కిరాయి, విత్తనం ఖర్చు. ఇద్దరికీ ప్రభుత్వ పెట్టుబడి సాయం మాత్రం ఒక్కటే.

2018 వానాకాలంలో రైతుబంధు పేరిట ఎకరానికి పంటకు 4 వేల రూపాయలతో ఈ సాయం మొదలయింది. 2025 జనవరిలో రైతు భరోసాగా మారి, ఏడాదికి 12 వేలయింది. విత్తనాలు, ఎరువులు కొనే వేళ ఈ డబ్బు చేతికందడం రైతుకు మేలే. అయితే ఇది పాసుపుస్తకం చూసి ఇచ్చే సొమ్ము. నేలను ఎలా సాకుతున్నారో చూసి ఇచ్చేది కాదు.

ఉన్నవి చిన్న మొత్తాలే

భూసారం కాపాడినందుకు ఇచ్చే డబ్బు బొత్తిగా లేకపోలేదు. 2015లో మొదలయిన పరంపరాగత్ కృషి వికాస్ యోజన సేంద్రియ సేద్యానికి ఉద్దేశించినది. తర్వాత సవరించిన లెక్క ప్రకారం మూడేళ్లకు హెక్టారుకు 31,500 రూపాయలు కేటాయించగా, అందులో రైతు ఖాతాకు చేరేది 15 వేలు. అంటే ఎకరానికి ఏడాదికి సుమారు 2 వేలు.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ప్రకృతి సేద్యం జాతీయ మిషన్ కింద ఎకరానికి ఏడాదికి 4 వేల చొప్పున రెండేళ్లు ఇస్తారు. ఒక్కో రైతుకు ఒక్క ఎకరానికే పరిమితి. ఈ రెండూ గుంపుగా చేరిన రైతులకే వర్తిస్తాయి. ఒంటరిగా జీలుగ దున్నిన రైతుకు విత్తనంపై సబ్సిడీ తప్ప మరేమీ దక్కదు.

చెరువు మట్టి పాఠం

2015లో మిషన్ కాకతీయ మొదలయినప్పుడు చెరువుల పూడిక తీసే ఖర్చు ప్రభుత్వం భరించింది. మట్టిని పొలానికి తోలుకునే కిరాయి రైతులు పెట్టుకున్నారు. ఖర్చు పంచుకుంటే రైతు ముందుకు వస్తాడనడానికి ఇదే నిదర్శనం. పసుపు పండించే కోరుట్ల, మెట్‌పల్లి రైతులకు చెరువు మట్టి, పెంట ఎరువు, గొర్ల మంద విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. ఎనిమిది, తొమ్మిది నెలలు నేలలో ఉండే ఆ పంట సత్తువ లేని భూమిలో ఊరదు.

కౌలుదారు గతి

అసలు చిక్కు కౌలు భూములలో ఉంది. పాసుపుస్తకం పట్టాదారు పేర ఉంటుంది, సాయం ఆయన ఖాతాలో పడుతుంది. నాగలి పట్టేది కౌలుదారు. ఈ ఏడు మట్టి తోలి, మంద పెట్టించి నేలను బాగు చేస్తే, వచ్చే ఏడు ఆ మడి తనకే దక్కుతుందన్న భరోసా లేదు. సత్తువ పెరిగిన భూమికి కౌలూ పెరగవచ్చు. అలాంటప్పుడు ఆయన నేల మీద ఖర్చు పెట్టడానికి జంకడంలో తప్పేమున్నది?

ఇతర చోట్ల

పని చూసి డబ్బిచ్చే పద్ధతి మన దేశానికి కొత్త కాదు. హర్యానా ప్రభుత్వం 2020లో వరి మాని ఇతర పంటలు వేసిన వారికి ఎకరానికి 7 వేలు ప్రకటించింది. పంజాబ్ 2022లో నేరుగా వరి విత్తి నీరు ఆదా చేసే వారికి ఎకరానికి 1,500 ఇచ్చింది. అమెరికాలో 1985 చట్టం కింద కోతకు గురయ్యే భూములను గడ్డికి వదిలిన రైతులకు పది, పదిహేనేళ్ల పాటు ఏటా కౌలులాంటి సొమ్ము ఇస్తున్నారు.

శ్రీరాంసాగర్ కాలువ కింద ఏటా రెండు కార్లు వరి పండే జగిత్యాలలో గాని, మానేరు నీటి మీద ఆధారపడిన సిరిసిల్లలో గాని ఇలాంటి ఏర్పాటు అవసరమే. కొయ్య కాల్చని మడికి, పచ్చిరొట్ట దున్నిన మడికి ఎకరాల లెక్కన కొంత సొమ్ము, అదీ సాగు చేసిన వారి చేతికే ఇవ్వాలి. పంట నమోదుకు పొలాలకు వచ్చే విస్తరణాధికారులే ఆ వివరం కూడా రాసుకోవచ్చు.

అంతవరకు ఉన్న పథకాలనైనా వదులుకోరాదు. ఊరి రైతులు గుంపుగా రైతు వేదికకు వెళ్లి, తమ గ్రామం ప్రకృతి సేద్యం జాబితాలో ఉన్నదీ లేనిదీ కనుక్కోవడం మంచిది.