సీసాలో బస్తా పడుతుందా?

యూరియా లారీ ఆలస్యమైతే చాలు, ఎరువుల కొట్టు దగ్గర ఓ మాట మొదలవుతుంది: "బస్తా లేకపోతేనేం, ఈ సీసా తీసుకో, రెండూ ఒకటే!"

అపోహ: అరలీటరు నానో యూరియా ఒక బస్తాతో సమానం.

లెక్క సీసా మీదే ఉంది. ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో 2021లో తెచ్చిన నానో యూరియాలో నత్రజని 4 శాతం. అంటే 500 మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాములు. 45 కిలోల బస్తాలో 46 శాతం చొప్పున 20 కిలోల పైమాటే. తేడా వెయ్యి రెట్లు! సీసాలో ఉన్నంత నత్రజనికి 43 గ్రాముల మామూలు యూరియా చాలు. రాయితీ ధరలో దాని ఖరీదు పావలా. సీసా ఖరీదు 225 రూపాయలు.

రేణువులు 20 నుంచి 50 నానోమీటర్లే కాబట్టి ఆకు రంధ్రాల్లోంచి నేరుగా లోపలికి వెళ్తాయని, వృథా ఉండదని తయారీదారు వాదన. సరే, చుక్క కూడా పోలేదనే అనుకుందాం. అందేది 20 గ్రాములేగా? బస్తా యూరియాలో రెండొంతులు గాలికీ నీళ్లకూ పోయినా పైరుకు ఆరేడు కిలోలు దక్కుతుంది. తర్వాత వచ్చిన నానో యూరియా ప్లస్‌లో 20 శాతం ఉంది. అప్పుడైనా సీసాకు 100 గ్రాములే.

అపోహ: నానో కొడితే యూరియా సగం తగ్గించినా దిగుబడి తగ్గదు.

11 వేల పొలాల్లో వేసి చూస్తే దిగుబడి సగటున 8 శాతం పెరిగిందని ఇఫ్కో చెప్పింది. లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు వేసి చూస్తే లెక్క తిరగబడింది. నత్రజని సగానికి తగ్గించి, రెండుసార్లు నానో పిచికారీ చేసిన మళ్లలో వరి 13 శాతం, గోధుమ 21 శాతానికి పైగా తగ్గాయి. గింజలో నత్రజనీ తగ్గింది, అంటే మాంసకృత్తులు తగ్గినట్టే. నాకైతే ఈ రెండో లెక్కే నమ్మబుద్ధి అవుతుంది. పైపాటు మాట అలా ఉంచి, దుక్కిలో వేసే మందు మాత్రం తగ్గించవద్దని ఇఫ్కో కూడా చెబుతుంది. కొట్టు దగ్గర ఆ ముక్క ఎవరూ చెప్పరు.

అపోహ: అయితే నానో అంతా మోసమే.

అదీ కాదు. శ్రీలంక శాస్త్రవేత్తలు 2017లో యూరియాను హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజపు నానో రేణువులకు పట్టించి, మట్టిలో మెల్లగా విడుదలయ్యేలా చేశారు. వరిలో సగం యూరియాతోనే సరిపోయిందని ప్రకటించారు. కాకపోతే అక్కడా పొలానికి చేరింది కిలోల యూరియాయే.

మరో సంగతి, నానో అంటే సేంద్రియం అనుకునేవారూ ఉన్నారు. కాదు, అది రసాయన ఎరువే.

సీసా కొన్నవారు లీటరు నీటికి 2 నుంచి 4 మిల్లీలీటర్లు కలిపి ఆకు తడిసేలా కొట్టాలి. మడి నీళ్లలో పోస్తే డబ్బులు పోసినట్టే. సీసా కొంటేనే బస్తా అనే షరతు ఏ నిబంధనలోనూ లేదు. అలా అంటగట్టనివ్వవద్దని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది కూడా. ఎవరైనా అడ్డం తిరిగితే బిల్లు రాయించుకుని మండల వ్యవసాయాధికారికి చూపించండి.