తెలుగు పాఠ విశ్లేషణలో పైథాన్ అదనపు లైబ్రరీల ఆవశ్యకత

ఉపోద్ఘాతం

పదాల ఆవృత్తి, కవి శైలి, ఛందోవిశేషాలపై పరిశోధన చేసేవారు నేడు కంప్యూటర్ గణనను విరివిగా ఆశ్రయిస్తున్నారు. ఇందుకు ఎక్కువగా వాడుతున్నది పైథాన్ భాష. 1991లో గీడో వాన్ రోసమ్ విడుదల చేసిన ఈ భాష ఉచితంగా లభిస్తుంది; ప్రామాణిక లైబ్రరీ అనే ఉపకరణ సముదాయమూ దానితోపాటే వస్తుంది. ఆ సముదాయం తెలుగు పాఠానికి ఎంతవరకు సరిపోతుంది, ఎక్కడ బయటి లైబ్రరీని చేర్చుకోవలసి వస్తుంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించాను.

పదవిభజన

యూనికోడ్‌లో హల్లుకు ఒక సంకేతం, గుణింత చిహ్నానికి మరొక సంకేతం ఉంటాయి. 'తెలుగు' అనే మూడక్షరాల పదంలో ఆరు సంకేతాలున్నాయి. ప్రామాణిక లైబ్రరీలోని 'ఆర్ఈ' మాడ్యూల్ పదాలను గుర్తించే సంజ్ఞ అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ను మాత్రమే పదభాగాలుగా స్వీకరిస్తుంది. గుణింత చిహ్నాలు, పొల్లు, సున్న దాని దృష్టిలో పదానికి బయటివి. ఫలితంగా 'తెలుగు' అన్నది త, ల, గ అనే మూడు ముక్కలవుతుంది. కాలు, కీలు, కూలి మూడూ క, ల గానే మిగులుతాయి. అయినా ప్రోగ్రామ్ ఆగదు, దోషసూచన రాదు, ఆవృత్తి పట్టిక నిరాటంకంగా తయారవుతుంది. ఆ పట్టికే సిద్ధాంతగ్రంథంలోకి చేరితే దానిపై నిర్మించిన శైలీ నిర్ణయాలన్నీ నిరాధారమవుతాయి.

తెలుగు యూనికోడ్ పరిధిని స్వయంగా పేర్కొని ఈ ఇబ్బందిని కొంత దాటవచ్చు. కాని 'సాఫ్ట్‌వేర్' వంటి పదాలలో పొల్లు తరువాత కనిపించకుండా ఉండే విభాజక సంకేతం ఆ పరిధిలో లేదు. దానిని విడిగా చేర్చకపోతే పదం అక్కడ విరుగుతుంది. 'రెజెక్స్' అనే అదనపు లైబ్రరీ యూనికోడ్ నిర్వచనాన్ని అనుసరించి గుణింత చిహ్నాలను పదంలో భాగంగానే గ్రహిస్తుంది. ఏ పద్ధతిని ఎంచుకున్నా ఇటువంటి పదాన్ని ఒకటి ఇచ్చి పరీక్షించుకోవడం మేలు.

ప్రతిదానికీ బయటి లైబ్రరీ అక్కరలేదు. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ నిల్వ చేయవచ్చు. చూపుకు ఒకటే అయినా అన్వేషణలో ఒకటి దొరికి మరొకటి దొరకదు. వీటిని ఏకరూపం చేసే ప్రమేయం ప్రామాణిక లైబ్రరీలోని 'యూనికోడ్‌డేటా' మాడ్యూల్‌లోనే ఉంది.

స్థాపన, వెర్షన్లు

లైబ్రరీలను చేర్చే 'పిప్' అనే సాధనం 2014 నాటి పైథాన్ 3.4 నుండి భాషతోపాటే వస్తున్నది. 'పిప్ ఇన్‌స్టాల్' అని లైబ్రరీ పేరు ఇస్తే అది పైథాన్ ప్యాకేజీ సూచిక నుండి దిగుమతి అవుతుంది. అయితే అన్నిటినీ ఒకే చోట చేర్చడం కంటె 'వెన్వ్' ద్వారా ఒక్కొక్క పరిశోధనకు ప్రత్యేక పరిసరాన్ని ఏర్పరచుకోవడం ఉత్తమం. ఒక పనికోసం నవీకరించిన లైబ్రరీ మరొక పనిలోని లెక్కలను మార్చివేయకుండా ఉంటుంది.

లెక్కలు మారడం ఊహాజనితం కాదు. 'స్త్రీ' అన్నది ఛందస్సులో ఒకే అక్షరం, గురువు. యూనికోడ్ పాత విభజన నియమం పొల్లు వద్ద తెంచి దానిని మూడు ఘటకాలుగా చూపుతుంది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదని నియమం చేర్చింది. అంటే లైబ్రరీ ఏ నియమాన్ని అనుసరిస్తున్నదన్న దానిని బట్టి ఒకే పద్యానికి రెండు వేర్వేరు అక్షర సంఖ్యలు రావచ్చు. అందుచేత 'పిప్ ఫ్రీజ్' ఆదేశం ఇచ్చే పేర్లు, వెర్షన్ల జాబితాను గ్రంథానికి అనుబంధంగా జతపరచాలి. తాళపత్ర ప్రతుల వివరాలను నమోదు చేసే మనకు ఇది కొత్త అలవాటేమీ కాదు.

శిక్షిత నమూనాలు

వ్యాకరణ విశ్లేషణకు ఉపకరించే 'స్టాంజా' వంటి లైబ్రరీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అందులోని తెలుగు నమూనాకు ఆధారమైన వృక్షకోశంలో ఉన్నవి సుమారు 1,300 వాక్యాలు. అవి భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రకటించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలోని ఉదాహరణలు. వాటిలో ప్రబంధ భాష లేదు, దీర్ఘ సమాసాలు లేవు. మనుచరిత్ర వచనాన్ని దానికి అప్పగించే పరిశోధకుడు ముందుగా కొన్ని వాక్యాలను స్వయంగా విశ్లేషించి, ఆ ఫలితంతో పోల్చి, తేడాలను గ్రంథంలో చూపవలసి ఉంటుంది.