తీగ బ్రేకు – తైలపు బ్రేకు

బండికి నడక యెంత ముఖ్యమో నిలుకడయు అంతే ముఖ్యము. ఎద్దుబండి తోలువాడు పగ్గము బిగించి ఎడ్లను నిలుపును. పడవవాడు గడవేసి పడవను నిలుపును. సైకిలునకు ఎడ్లును లేవు, గడయు లేదు. దానిని నిలుపునది బ్రేకు ఒక్కటియే. వ్రేలితో నొక్కిన కొద్దిపాటి బలము చక్రము వరకు పోయి, మనిషి బరువును, బండి బరువును, బండిమీది బస్తా బరువును కలిపి ఆపవలెను. ఆ బలము వ్రేలినుండి చక్రమునకు ఏ దారిన పోవును? దారిలో ఖర్చు కాగా ఎంత మిగులును? బ్రేకుల మంచిచెడ్డలు చాలవరకు ఈ రెండు ప్రశ్నలలోనే యిమిడియున్నవి.

పంచారామములలో ఒకటియైన ద్రాక్షారామము గోదావరి డెల్టాలోనిది. 2022వ సంవత్సరమున కోనసీమ జిల్లా ఏర్పడినపుడు ఈ గ్రామము ఆ జిల్లాలో చేరినది. ఇచ్చటి భూమి అరచేతివలె చదునైనది. కొండలు లేవు, కనుమలు లేవు. ఇట్టి సీమలో గట్టి బ్రేకుతో పనియేమి యని తోచవచ్చును. కాని 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు ఈ డెల్టానంతను అల్లుకొన్నవి. కాలువ యున్నచోట గట్టును వంతెనయు ఉండును. వంతెన యెక్కిన సైకిలు దిగక తప్పదు. పలుచోట్ల బాటకు ఒకవైపు వరిచేను, మరియొకవైపు నిండు కాలువ. ద్రాక్షారామమునుండి దక్షిణముగా పోయినచో కోటిపల్లి వచ్చును. అచ్చట గౌతమీ తీరమున రేవునకు దిగు బాట చివర నున్నది నీరే. వెనుక కొబ్బరికాయల బస్తా కట్టుకొని గట్టు దిగువానికి బ్రేకు పట్టకున్న ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

పూర్వపు సైకిళ్లకు ఇనుప కడ్డీల బ్రేకు ఉండెడిది. మీట నొక్కగా కడ్డీలు పైకి లేచి, రబ్బరు ముక్కలను చక్రపు రిమ్మునకు ఒత్తెడివి. కడ్డీ వంగదు గనుక దానిని కోరిన దారిని త్రిప్పుట కష్టము. 1896లో ఇంగ్లండునందు ఎర్నెస్ట్ బౌడెన్ అనునతడు క్రొత్త సాధనమునకు పేటెంటు పొందెను. సన్నని పోగులను పేనిన ఉక్కుతీగను, వంగగలిగిన తొడుగులో దూర్చి లాగుటయే ఆ సాధనము. నేడు సైకిలు దుకాణములలో బ్రేకు వైరని పిలువబడునది ఇదియే.

అయినను రబ్బరు పట్టు రిమ్ము మీదనే యున్నంతకాలము వానకాలపు చిక్కు తప్పలేదు. రిమ్ము నేలకు దగ్గరగా తిరుగును గనుక దానికి నీరును బురదయు అంటును. అట్టి సమయమున బ్రేకు నొక్కినచో రబ్బరు మొదట నీటిని తుడిచి, ఆ తరువాత గాని లోహమును పట్టదు. తుడుచునంతలో సైకిలు కొన్ని గజములు ముందుకు సాగిపోవును.

ఈ చిక్కునకు విరుగుడుగా వచ్చినది డిస్కు బ్రేకు. చక్రపు ఇరుసువద్ద పలుచని లోహపు పళ్లెమును బిగించుదురు. దానికి ఇరుప్రక్కల రెండు పట్టుబిళ్లలుండును. మీట నొక్కగా ఆ బిళ్లలు పళ్లెమును నడుమ నిరికించి పట్టును. 1902లోనే ఫ్రెడరిక్ లాంచెస్టర్ అను ఆంగ్ల ఇంజనీరు మోటారు కార్లకై ఇట్టి బ్రేకునకు పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సుదేశమున లెమాన్ పందెమునందు డిస్కు బ్రేకులుగల జాగ్వార్ కారు గెలిచిన పిదప దాని పేరు లోకమున వ్యాపించెను. 1969లో హోండా కంపెనీ తన పెద్ద మోటారు సైకిలుకు ముందుచక్రమున దానిని అమర్చెను. తరువాత అది సైకిళ్లకును వచ్చినది. పళ్లెము నేలకు ఎత్తున నుండుటచే బురద అంతగా అంటదు. వానలో సైతము పట్టు నిలుచును.

కాని ఈ మేలునకు ఒక వెల యున్నది. సామాన్యమైన సైకిలు రిమ్ము ఇరుసునుండి సుమారు 28 సెంటీమీటర్ల దూరమున నుండును. డిస్కును బిళ్లలు పట్టుచోటు ఇరుసునుండి సుమారు 7 సెంటీమీటర్లు మాత్రమే. తలుపును అంచున పట్టి ఆపుట తేలిక, బందువద్ద పట్టి ఆపుట కష్టము గదా! అట్లే డిస్కు బ్రేకు రిమ్ము బ్రేకుతో సమానముగా పనిచేయవలెనన్న బిళ్లల ఒరపిడి బలము నాలుగింతలు కావలెను. కావున ఈ బ్రేకులో వ్రేలి బలము దారిలో వృథాకాకుండుట మిక్కిలి అవసరము.

ఆ బలమును చేరవేయుటకు రెండు మార్గములు గలవు. మొదటిది తీగ. రేవున పడవవాడు మోకును గుంజకు రెండు చుట్లు త్రిప్పి, కొసను తేలికగా పట్టుకొని నిలుచును. పడవ యంతటిదియు ఆగిపోవును. మోకునకును గుంజకును నడుమ గల ఒరపిడియే అతని బలము. పడవవానికి మేలుచేయు ఆ ఒరపిడియే బ్రేకు తీగకు కీడుచేయును. తీగ తొడుగులో వంపు తిరిగిన ప్రతిచోట కొంత బలము ఒరపిడికి ఖర్చగును. ఒరపిడి గుణకము 0.1 అనుకొని, దారిలోని వంపులన్నియు కలిసి అర్ధవృత్తమంత అయినచో, లాగిన బలములో నాలుగవ వంతుకు పైగా చక్రమును చేరకయే పోవును. తొడుగులో దుమ్ముచేరి తీగ త్రుప్పు పట్టినచో నష్టము ఇంకను హెచ్చును. అదియును గాక తీగ కొంచెము సాగును, తొడుగు కొంచెము నలుగును. అందుచేత మీట కదలికలో కొంత ఈ సాగుడునకే సరిపోవును.

రెండవది తైలము. దీనిని హైడ్రాలిక్ బ్రేకు అందురు. 1623 మొదలు 1662 వరకు జీవించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్, మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా వ్యాపించునని నిరూపించెను. దీని ఆధారముననే జోసెఫ్ బ్రామా 1795లో గొప్ప బరువులతో అదుము నీటియంత్రమును నిర్మించెను. బ్రేకులోని ఏర్పాటును అదియే. మీటవద్ద చిన్న పిస్టనును, డిస్కునకు ఇరుప్రక్కల పెద్ద పిస్టన్లును ఉండును. వాటి నడుమ గొట్టము నిండ తైలముండును. వ్రేలు 5 కిలోగ్రాముల బరువుతో నొక్కినదనుకొన్నచో, మీట దానిని నాలుగింతలు చేసి చిన్న పిస్టనుపై 20 కిలోగ్రాములు మోపును. పెద్ద పిస్టను వైశాల్యము నాలుగింతలైనచో ఒక్కొక్క బిళ్ల 80 కిలోగ్రాముల బరువుతో డిస్కును ఒత్తును. ఇంత లాభము ఊరక రాలేదు. చిన్న పిస్టను 8 మిల్లీమీటర్లు కదిలినపుడు ఒక్కొక్క బిళ్ల 1 మిల్లీమీటరు మాత్రమే కదలును. బలమున హెచ్చినది కదలికలో తగ్గినది. గొట్టమెన్ని వంపులు తిరిగినను తైలపు ఒత్తిడి తగ్గదు. బిళ్లలు అరిగినకొలది పిస్టన్లు తామే ముందుకు జరుగును. తీగ బ్రేకునైతే అప్పుడప్పుడు చేతితో బిగింపవలెను.

ఈ రెంటికిని గల భేదము ట్రయల్స్ అను ఆటలో స్పష్టముగా కనబడును. ఇది వేగపు పందెము కాదు. రాళ్లమీదను దూలములమీదను, కాలు నేల మోపకుండ, సైకిలును నడిపించుట ఇందలి నేర్పు. కాలు మోపినచో తప్పు లెక్కింతురు. 1914లో ఇంగ్లండునందు స్కాట్ ట్రయల్ అను పేర మోటారు సైకిళ్లకు ఇట్టి పోటీ జరిగినది. 1970వ దశకమున స్పెయిన్ దేశములో చిన్న సైకిళ్లతో ఈ ఆట వృద్ధిచెంది, 1986 నుండి ప్రపంచ పోటీలు జరుగుచున్నవి. ఆటగాడు వెనుక చక్రముమీద నిలిచి, రాతినుండి రాతికి దుముకును. దిగిన క్షణముననే చక్రము బిగిసిపోవలెను; మరుక్షణమున వదలవలెను. ఆ పనియంతయు ఒక్క వ్రేలు చేయును. తీగ వెంట్రుకవాసి సాగినను కాలు నేలకు దిగును. కనుకనే వారిలో పెక్కురు తైలపు బ్రేకును కోరుదురు. కొందరు రిమ్ము బ్రేకునే తైలముతో నడిపి, పట్టు హెచ్చుటకై రిమ్మును ఆకురాతితో గరుకు చేయింతురు.

అట్లని తైలపు బ్రేకు దోషము లేనిది కాదు. తైలము అణగదు గాని గాలి అణగును. గొట్టములో గాలిబుడగ చేరినచో మీట మెత్తగా లోనికి పోవును, బిళ్లలు కదలవు. గొట్టము తెగినచో తైలమంతయు కారి బ్రేకు ఒక్కసారిగా పోవును. దానిని బాగుచేయుటకు తగిన పనిముట్లును, తగిన తైలమును కావలెను. ఒక బ్రేకునకు నియమించిన తైలమునకు మారుగా వేరొకటి పోసినచో లోపలి రబ్బరు వలయములు చెడును. తీగ బ్రేకు తెగినచో పల్లెలోని సైకిలు దుకాణమున క్రొత్త తీగ కొద్దిసేపటిలో వేయింపవచ్చును. పైగా తీగ చాలవరకు ముందుగనే హెచ్చరించును. మీటవద్ద ఒక్కొక్క పోగు విడిపోవుచు కంటికి కనబడును.

రెండు బ్రేకులకును సమానమైన శత్రువు ఒకటి యున్నది. డిస్కు కీచుమన్నచో దానిపై రెండు చుక్కల కొబ్బరినూనె వేయవలెనని కొందరికి బుద్ధి పుట్టును. కొబ్బరిసీమలో ఆ నూనె ప్రతి యింటను ఉండును. గొలుసునకు నూనె మేలు; డిస్కునకు అది విషము. బ్రేకు పనిచేయునది ఒరపిడివలన. నూనె ఆ ఒరపిడినే హరించును. బిళ్లలు నూనెను పీల్చుకొన్న పిదప ఎంత నొక్కినను చక్రము ఆగదు. అట్టి బిళ్లలను మార్చుటయే మంచిది.

కావున ఏది గొప్పదని అడుగుట కంటె ఏ పనికి ఏది తగినదని అడుగుట మేలు. వ్రేలి బలము తరుగక తక్షణము చక్రమును చేరవలసినచోట తైలము తగినది. తన చేతితో చూచుకొని, తన ఊరిలోనే బాగుచేయించుకొనవలసినవానికి తీగ తగినది. ఏది యున్నను బయలుదేరునపుడు రెండు మీటలను ఒకసారి నొక్కి చూడవలెను. మీట పిడి వరకు వచ్చినను, మెత్తగా తోచినను, తీగపోగు విడినను, దానిని బాగుచేయించిన పిదపనే బండి యెక్కవలెను. ఈ పరీక్షకు పట్టునది అరనిమిషము. గట్టు దిగునపుడు ఆ అరనిమిషము దొరకదు.