బొబ్బిలి స్మారక స్తంభం: ఒక అపవాదు, ఒక ముట్టడి

చోడవరం పరిసరాల్లో బొబ్బిలి కథ వినకుండా పెరిగిన పెద్దవారు అరుదు. బుర్రకథల ద్వారా, 1964లో వెలువడిన ‘బొబ్బిలి యుద్ధం’ చలనచిత్రం ద్వారా తాండ్ర పాపారాయుని పేరు ఇంటింటా సుపరిచితమయింది. కాని విజయనగరం మీదుగా బొబ్బిలి చేరి, పాత కోట ఉన్న చోట 1891లో నెలకొల్పిన స్మారక స్తంభం ఎదుట నిలిచినప్పుడు, వీరగాథ వెనుక ఉన్న విషాదం మనసును కలచివేస్తుంది.

ఆ ఊరి పేరులోనే ఒక మైత్రి దాగి ఉంది. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల పక్షాన శ్రీకాకుళంలో ఫౌజ్‌దారుగా ఉన్న షేర్ ముహమ్మద్ ఖాన్ వెంట వెలమ వీరుడు పెద్దరాయుడు ఈ ప్రాంతానికి వచ్చాడు. తన ప్రభువు పేరులోని ‘షేర్’ను తలచి, కొత్త రాజధానికి ‘పెబ్బులి’ అని పేరు పెట్టాడని, అదే క్రమంగా బొబ్బిలి అయిందని చెబుతారు. శ్రీకాకుళంలోని జామియా మసీదు కూడా ఆ షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించినదే.

ఒక శతాబ్దం గడిచింది. ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికి వచ్చాయి. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజుకు, బొబ్బిలి పాలకుడు రంగారావుకు సరిహద్దుల విషయంలో, వాగుల నీటి విషయంలో తగవులుండేవి. ఇంతలో ఫ్రెంచి సిపాయిలపై దాడి జరిగింది. ఆ నేరం రంగారావుపై పడింది. అది ప్రత్యర్థి కల్పించిన అపవాదేనన్న అనుమానం నాటినుంచీ ఉంది. బొబ్బిలిని విడిచి, బదులుగా మరొక చోట భూములు తీసుకోవలసిందిగా ఫ్రెంచి సేనాని బుస్సీ కబురంపాడు. పూర్వుల గడ్డను వదలడానికి రంగారావు అంగీకరించలేదు.

1757 జనవరి 24న తెల్లవారుతూనే ముట్టడి మొదలయింది. అది మట్టితో కట్టిన చిన్న కోట. చుట్టూ దట్టమైన చెట్లు. ఫిరంగులు గోడను బద్దలు కొట్టినా, లోపలివారు ప్రతి దాడినీ తిప్పికొట్టారు. లొంగిపోతామన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ఇక ఆశ లేదని తెలిసినప్పుడు, తమ స్త్రీలూ పిల్లలూ శత్రువు చేత చిక్కరాదని వారిని తామే చంపి, నివాసాలకు నిప్పుపెట్టి, చివరి మనిషి వరకు పోరాడి నేలకొరిగారు.

ఆ శవాల నడుమ నుండి ఒక వృద్ధుడు రంగారావు కుమారుణ్ణి తీసుకువచ్చి, ‘లా’ అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. ఒక నిండు కుటుంబంలో మిగిలిన దీపం అదే. అనంతర కాలంలో ఆ వంశానికే బొబ్బిలి తిరిగి దక్కింది. గెలిచిన విజయరామరాజు ఆ గెలుపును కొద్ది రోజులైనా అనుభవించలేదు. మూడు రాత్రులు గడిచేలోపే పాపారాయుడు అతని డేరాలో ప్రవేశించి హతమార్చాడు. తానూ అక్కడే ప్రాణం విడిచాడు.

ఈ స్తంభం ఎదుట నిలిచినవారు ఆ సైనికుల ధైర్యానికి తలవంచక మానరు. అయితే ధైర్యాన్ని కీర్తించి ఊరుకుంటే సరిపోదు. ఇరుగుపొరుగు తగవును తమలో తాము తీర్చుకోలేక, మూడవవాని ఫిరంగులను ఆశ్రయించిన ఫలితం ఇక్కడ కనిపిస్తుంది. ఎవరైనా ఒక వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోవాలని, లేకుంటే తెలియక ఒక జనసమూహానికి హాని తలపెట్టి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని సూరహ్ హుజురాత్ హెచ్చరిస్తోంది. విచారణ లేని ఒక ఆరోపణ ఏ పాపం ఎరుగని తల్లులనూ పసిబిడ్డలనూ బలిగొన్నది.

నేడు ఆరోపణలు చేతిలోని ఫోను ద్వారా క్షణాల్లో గడప దాటుతున్నాయి. పిల్లలను బొబ్బిలికి తీసుకువెళ్లినప్పుడు పాపారాయుని కత్తిని గురించి తప్పక చెప్పండి. ఆ వృద్ధుడు చేయిపట్టి నడిపించుకు వచ్చిన బాలుని గురించి కూడా చెప్పండి.