తీర్థయాత్రలో దాహం - సాగర తీరాన విశ్రాంతి

కార్తీక మాసం వచ్చిందంటే గోదావరి సీమలో ఇంటింటా పంచారామాల ప్రస్తావన వస్తుంది. అమరావతి కృష్ణా తీరాన ఉండగా, ద్రాక్షారామం, సామర్లకోటలోని కుమారారామం, పాలకొల్లులోని క్షీరారామం, భీమవరంలోని సోమారామం ఉభయ గోదావరి సీమలోనే వెలశాయి. ఈ అయిదింటినీ ఒకే రోజున దర్శింపజేసే ప్రత్యేక బస్సుల సంగతి పాఠకులకు తెలిసిందే. అటువంటి ఒక బస్సులో వెళ్ళి వచ్చి, అరవై ఎనిమిదేళ్ళ మా అత్తగారు మంచం పట్టారు. ఆ అనుభవమే ఈ వ్యాసానికి కారణం.

నీళ్ళు తాగని యాత్ర

దారిలో నీళ్ళ సీసా అందించినప్పుడల్లా ఆమె, "మళ్ళీ ఎక్కడ దిగమంటావే అమ్మాయీ!" అని నవ్వి పక్కన పెట్టేవారు. బస్సులోని స్త్రీలలో చాలామంది పరిస్థితి అదే. గైడు ప్రతి ఆలయ చరిత్రనూ చక్కగా వివరించాడు. మరుగుదొడ్డి ఎక్కడున్నదో మాత్రం చెప్పలేదు. మేమూ సిగ్గు విడిచి అడగలేదు. మూడవ నాటికి ఆమెకు మూత్రంలో మంట, చలిజ్వరం. వైద్యులు మూత్ర పరీక్ష చేయించి, ఇన్‌ఫెక్షన్ అని నిర్ధారించి మందులిచ్చారు.

చరక సంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం 'న వేగాన్ ధారణీయం'. అంటే సహజమైన వేగాలను ఆపరాదని అర్థం. అక్కడ చెప్పిన పదమూడు వేగాలలో మూత్రము, దప్పిక కూడా ఉన్నాయి. మన తీర్థయాత్రలలో స్త్రీలు ఈ రెండింటినీ ఒకేసారి బిగబట్టుకుంటున్నారు! నీరు తగ్గి, మూత్రం నిలువ ఉంటే సూక్ష్మజీవులు పెరిగే అవకాశం ఎక్కువని ఆధునిక వైద్యమూ చెబుతోంది.

నాలుగు రోజుల ప్రయాణం

మరుసటి ఏడు మాఘమాసంలో, అంతర్వేది తీర్థం రద్దీ ముగిశాక, స్థానికుడైన ఒక గైడును మాట్లాడుకుని మళ్ళీ బయలుదేరాము. ఈసారి మొదటి ప్రశ్న మరుగుదొడ్ల గురించే. రెండు గంటలకొకసారి ఆగాలన్నది మా నియమం.

తొలినాడు రాజమహేంద్రవరం నుండి బిక్కవోలు. తూర్పు చాళుక్యుల నాటి ఆలయాలు, ఏకశిలా గణపతి అక్కడి విశేషాలు. అదే దారిలో సామర్లకోట. రాత్రికి కాకినాడలో బస. రెండవనాడు ద్రాక్షారామం. చాళుక్య భీముని పేరుతో ముడిపడిన ఈ రెండు భీమేశ్వరాలయాలలోనూ శివలింగం రెండంతస్తుల ఎత్తున ఉంటుంది. పైభాగాన్ని మెట్లెక్కి దర్శించాలి. కనుక మోకాళ్ళ నొప్పులున్నవారు ఒకే రోజున అన్ని ఆలయాల మెట్లూ ఎక్కాలని పంతం పట్టరాదు. అక్కడి నుండి యానాం - ఎదుర్లంక వంతెన దాటి కోనసీమలో ప్రవేశించి, వైనతేయ పాయ ఒడ్డున ఆదుర్రులోని బౌద్ధ స్తూపాన్ని చూసి, సాయంకాలానికి అంతర్వేది చేరాము.

మూడవనాడు చూడవలసినదేమీ పెట్టుకోలేదు. ఉదయం లక్ష్మీనరసింహ స్వామి దర్శనం, పగలు నిద్ర, సాయంకాలం వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట ఇసుకపై నెమ్మదిగా నడక. అక్కడ ప్రవాహాలు ప్రమాదకరం. లోనికి దిగి ఈదరాదు. మధుమేహం ఉన్నవారు చెప్పులు లేకుండా నడవరాదు. నాలుగవనాడు దిండి మీదుగా చించినాడ వంతెన దాటి, పాలకొల్లు, భీమవరం దర్శించి ఇల్లు చేరాము. అత్తగారు మరునాడు ఎప్పటివలె తులసికోట దగ్గర ముగ్గు పెట్టారు.

యాత్రలో గృహవైద్యం

* రెండు చెంచాల ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, గ్లాసుడు కాచి చల్లార్చిన నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడగట్టి తాగితే దాహం, ఒంటి వేడి శమిస్తాయి. మధుమేహం లేనివారు పటికబెల్లం కలుపుకోవచ్చు.

* బస్సులో వికారం కలిగేవారు చిటికెడు శొంఠిపొడి కొద్దిగా బెల్లంతో చప్పరించాలి.

* ప్రయాణంలో వాతం ప్రకోపిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. బసలో గోరువెచ్చని నువ్వులనూనె కాళ్ళకు మర్దన చేసి, అరగంట తరువాత వేడినీటి స్నానం చేస్తే అలసట తీరుతుంది.

* కోనసీమ కొబ్బరినీళ్ళు దాహానికి శ్రేష్ఠం. అయితే మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా తాగరాదు.

చలిజ్వరం, నడుము పక్కల నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి.

ఈ ఏడు మీ ఇంటి పెద్దలను యాత్రకు పంపేటప్పుడు, ఎన్ని క్షేత్రాలు చూపిస్తారని నిర్వాహకులను అడగడానికి ముందు, బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందని అడగండి. ఆ ప్రశ్న అమ్మ అడగదు, అత్త అడగదు. వారి పక్షాన మనమే అడగాలి.