అయ్యవారి ఫోనునకు తాళము

పూర్వము పాఠశాలలో చేరిన బాలుని పేరు, పుట్టిన తేది, తండ్రి పేరు, ఇంటి వివరములు అడ్మిషన్ రిజిస్టరులో వ్రాసి, దానిని బీరువాలో పెట్టి ప్రధానోపాధ్యాయులు తాళము వేయుచుండిరి. చూడగోరువాడు పాఠశాలకు నడచి రావలసినదే. నేడు ఆ వివరములు ఉపాధ్యాయుని చేతి ఫోనులో నున్నవి. తల్లిదండ్రుల ఫోను నెంబర్లు, పిల్లల ఫొటోలు, మార్కులు, ఒక్కొక్కప్పుడు ఆధార్ నకళ్లును వానికి తోడగుచున్నవి. బీరువా తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో అందరికిని తెలియును. ఈ ఫోను తాళమును గూర్చియే మనలో చింత తక్కువ.

ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న యువతీయువకులకు ఈ విద్య ఎంతవరకు అబ్బుచున్నదో విచారింపవలసియున్నది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నాటి నిబంధనలతో బి.ఎడ్. శిక్షణను రెండు సంవత్సరములు చేసినది. సమాచార సాంకేతిక విజ్ఞానమును విమర్శనాదృష్టితో గ్రహించు పాఠ్యాంశమును అందులో చేర్చినది. పేరు మంచిదే. కాని మేము చూచినంతలో ఆ పాఠము తరచుగా స్లయిడ్లు తయారుచేయుటతోనే ముగియుచున్నది. (మేము ఆంధ్రదేశమున శిక్షణ పొందిన కాలమున నల్లబల్లపై దస్తూరికి మార్కులుండెడివి, ఫోనును కాపాడుటకు మార్కులుండునని ఎవరు తలచిరి?) ఫోనును వేగముగా వాడుట వేరు, దానిని కాపాడుట వేరు. మొదటిది ఇరువదేండ్ల వారికి దానంతటదే వచ్చును. రెండవది నేర్పినగాని రాదు.

తాళము లేనిచో ఏమగునో చూడుడు. 2017లో ప్రారంభమైన కేంద్ర విద్యాశాఖవారి దీక్షా యాప్ మన ఉపాధ్యాయులకు సుపరిచితము. 2020లో కోవిడ్ వలన పాఠశాలలు మూతపడగా దాని వాడుక మిక్కిలి పెరిగినది. దీక్షా వివరములుంచిన ఒక క్లౌడ్ నిల్వ, అనగా అద్దెకు తీసికొన్న దూరపు కంప్యూటరు, ఏడాదికి పైగా తాళము లేక తెరచియుండెనని 2023 జనవరిలో వైర్డ్ పత్రిక బయటపెట్టినది. పది లక్షలకు పైగా ఉపాధ్యాయుల పూర్తి పేర్లు, ఫోను నెంబర్లు, ఈ-మెయిలు చిరునామాలు అందులో నుండెను. సుమారు 6 లక్షల విద్యార్థుల పేర్లు, వారి పాఠశాలల వివరములును ఉండెను. దొంగ గోడ దూకనక్కరలేదు, తలుపే తెరచియున్నది.

ఇదే పొరపాటును చిన్న కొలతలో, బోధనాభ్యాసమునకు వచ్చిన శిక్షణార్థియు చేయగలడు. ఎనిమిదవ తరగతి మార్కుల పట్టికను గూగుల్ షీటులో వ్రాసి, లింకున్నవారెవరైనను చూడవచ్చునను అమరికనుంచి, ఆ లింకును వాట్సాప్ గ్రూపులో వేయును. అచటినుండి అది ఎచటికి పోవునో అతడెరుగడు. పట్టికలో తండ్రి ఫోను నెంబరు కూడ నున్నచో, మోసగానికి అది చిరునామాల పుస్తకమే. నివారణ మాత్రము స్వల్పము. అమరికను మార్చి, చూడవలసినవారిని మాత్రమే చేర్చవలెను; నెంబర్ల వరుస తీసివేయవలెను. రెండు నిమిషముల పని!

వాట్సాప్ ఖాతా చేజారుట ఇంతకంటె పెద్ద అపాయము. పొరపాటున మీ ఫోనునకు ఆరంకెల కోడ్ వచ్చినది, పంపుడని తెలిసినవారి పేరుతోనే సందేశము వచ్చును. పంపినచో ఖాతా పరుని వశమగును. పిమ్మట ఆ పరుడు ఉపాధ్యాయుని పేరుతో, పరీక్ష రుసుము ఈ నెంబరునకు పంపుడని తల్లిదండ్రులకు వ్రాయును. కూరెకుప్ప వంటి చోట ఈ దెబ్బ గట్టిగా తగులును. ఇచటి తెలుగువారిలో పలువురు కన్నడమును చక్కగా మాటలాడుదురు గాని లిపిని కూడబలుకుకొని చదువుదురు. తోరణగల్లులో రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి, బ్యాంకు హెచ్చరికను పక్కనబెట్టి, తెలుగులో అయ్యవారి పేరుతో వచ్చిన మాటనే చదువును, నమ్మును. కనుకనే ఇచటి ఉపాధ్యాయుడు తన ఖాతాను మరింత కట్టుదిట్టముగా నుంచుకొనవలెను. వాట్సాప్ సెట్టింగులలో రెండంచెల ధ్రువీకరణ అను ఏర్పాటు గలదు. అందులో ఆరంకెల పిన్ పెట్టినచో, దొంగకు కోడ్ ఒక్కటే చిక్కినను చాలదు. శిక్షణాలయములు మొదటి వారముననే ప్రతి శిక్షణార్థిచేత దీనిని చేయింపవలెనని మా అభిప్రాయము.

ఉపాధ్యాయులలో ఈ మెలకువ బొత్తిగా లేదనుట న్యాయము కాదు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ముఖము చూపి హాజరు వేయు యాప్‌ను తెచ్చినపుడు, సొంత ఫోనులలో దానిని పెట్టుకొనుటకు ఉపాధ్యాయ సంఘములు అభ్యంతరము చెప్పినవి. తమ వివరముల భద్రత మాటేమని అడిగినవి. పిల్లల వివరముల పక్షమునను ఆ ప్రశ్నయే వేయవలెను. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల సమ్మతిని సామాన్య నియమముగా విధించినది.

కావున మా బిడ్డ ఫొటో ఎవరి ఫోనులో నున్నది, ఆధార్ నకలు ఎందులకని తల్లిదండ్రులు నిస్సంకోచముగా అడుగవచ్చును. మొదటి ఎనిమిది అంకెలు కనబడని ఆధార్ నకలును ప్రభుత్వమే ఇచ్చుచున్నది. అది చాలునేమో అడుగుడు. విద్యార్థులారా, ఇంటిలో సందేశములు చదివి వినిపించువారు మీరే. సొమ్ము పంపుమని వచ్చినచో దానికి జవాబీయకుడు. వాట్సాప్ కాల్ గాక మామూలు కాల్ చేసి అయ్యవారి గొంతు వినుడు. ఖాతా దొంగ చేతికి పోయినను ఆ కాల్ మాకే వచ్చును. సొమ్ము పోయినచో సిగ్గుపడక వెంటనే 1930 నెంబరునకు తెలుపవలెను. ఆలస్యమైనకొలది అది ఒక ఖాతానుండి వేరొక ఖాతాకు పోవుచుండును. బోధనాభ్యాసము ముగించి వెళ్లు శిక్షణార్థులు మా తరగతుల ఫొటోలను, నెంబర్లను తమ ఫోనులనుండి తొలగించి, ఆ సంగతి ప్రధానోపాధ్యాయులకు చెప్పి పోవలెనని కోరుచున్నాము.